పద్యంలోని చెట్లు, నేలమీది చెట్లు

పని పేరు, అసలు పని

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. చారిత్రక గృహాల చుట్టూ ఉన్న పాత తోటలను తిరిగి వాటి మొదటి రూపానికి తేవడం మా సంస్థ పని. అందులో నా వంతు సర్వే, డ్రైనేజీ. తోట ఎలా ఉండేదో చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు అక్కడ ఏ మొక్క బతుకుతుందో ఉద్యానశాస్త్రం చదివినవారు చెబుతారు. అది సరిగ్గా ఎక్కడ ఉండేది, ఏ మట్టంలో ఉండేది, వాన పడితే నీరు ఎటు పోతుంది అన్నది ఇంజినీరు చెప్పాలి. ఇంజినీరు సంతకం పడేదాకా ఎవరూ పార దించరు, రంపం పెట్టరు.

సివిల్‌లోనో ఎన్విరాన్‌మెంటల్‌లోనో ఎమ్మెస్ ముగించిన మన పిల్లలు అప్పుడప్పుడు ఈ రంగం గురించి అడగడానికి ఫోన్ చేస్తుంటారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఆంటీ, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే బెటర్?" నేను చేరినప్పుడు వాడినది ఇప్పుడు లేదు. నేను వదిలివచ్చినది మీరు స్థిరపడేసరికి ఉండదు. కాబట్టి ఆ విషయంలో నా సలహా దేనికీ పనికిరాదు. సంతకం గురించి మాత్రం చెప్పగలను. నా సంతకం ఏడు చెట్ల మీదికి రంపాన్ని పంపిన సందర్భం ఒకటుంది. మెచ్చుకోళ్లు తెచ్చిన పనులు ఇంకా చాలా ఉన్నా, నేర్పినది ఇదే కనుక దీన్నే వివరంగా రాస్తున్నాను.

డగ్ దగ్గర నేర్చుకున్నది

మా సంస్థ అధిపతి పేరు డగ్. క్లయింట్ల ముందు పిరికివాడు, గుంట ముందు ధైర్యవంతుడు. రెండూ నిజమే కనుక రెండూ రాస్తున్నాను.

చేరిన మొదటి ఏడాది వర్జీనియాలో ఒక తోటకు పంపాడు. పాత ఫొటోలో ఇంటి గుమ్మం నుంచి తిన్నగా సాగిన ఇటుకల బాట ఒకటి కనిపిస్తుంది. దాని ఆనవాళ్లు వెదకాలి. రెండు పరీక్ష గుంటల్లో ఇటుక దొరికింది, మూడోదాంట్లో దొరకలేదు. ఎవరో తవ్వుకుపోయి ఉంటారని ఫీల్డ్‌బుక్‌లో రాశాను. డగ్ వచ్చి ఆ పుట చదివాడు.

"ఎవరు తవ్వుకుపోయారు?" అన్నాడు.

"తెలియదు."

"తెలియనివాడి మీద దొంగతనం మోపకు, సత్యా. గుంటలో ఏముంది?"

"ఇసుక."

"అయితే ఇసుక అని రాయి. ఏమీ దొరకలేదని రాయడానికి కూడా ఆ పుస్తకంలో గీతలున్నాయి కదా."

ఆ తర్వాత చేతులతో ఇంకా ఎనిమిది గుంటలు తవ్వించాడు. బాట మూడో గుంట దగ్గర ఎడమకు వంపు తిరిగిందని తేలింది. ఫొటో తీసినవాడు ఆ వంపు కనిపించని చోట నిలబడ్డాడు. దొరకని చోట 'లేదు' అని లోతుతో సహా రాయాలి, కారణం ఊహించకూడదు అన్న నియమం నాకు ఆ రోజు వచ్చింది. దాన్ని పద్దెనిమిదేళ్లు పాటించాను. పంతొమ్మిదో ఏట ఒక పద్యం కోసం తప్పాను.

వలందుల ఇల్లు

హడ్సన్ నది తూర్పు ఒడ్డున మూడు వందల ఏళ్లకు కాస్త తక్కువ వయసున్న ఒక ఇల్లు. కట్టించినవాడు డచ్చి కుటుంబానికి చెందిన ధాన్యపు వర్తకుడు. ఇల్లు, తోట, కాగితాలు అన్నీ ఇప్పుడొక ట్రస్టు చేతిలో ఉన్నాయి. ఆ కాగితాల్లో ఆయన డచ్చిలో రాసుకున్న నాలుగు వందల పంక్తుల దీర్ఘపద్యం ఒకటి దొరికింది. అంశం ఆయన తోటే.

హాలెండులో ఒకప్పుడు ఇలాంటి రచనలకు మంచి వాడుక ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. తోటకావ్యం అందాం. నగరంలో వ్యాపారం చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారు ఊరి బయట తోట వేసుకుని, దాన్ని గురించి తామే పద్యం రాసేవారు, లేదా రాయించేవారు. కవి మనల్ని ద్వారం దగ్గర కలుసుకుని తోటంతా తిప్పుతాడు. పండ్లచెట్ల దగ్గర ఆగి దైవాన్ని తలుచుకుంటాడు. చేపల చెరువు దగ్గర నగరాన్ని తిడతాడు. కాయగూరల మడి దగ్గర ఉపయోగమూ ఆనందమూ ఒకే చోట ఉన్నాయని మురుస్తాడు. ప్రతి మొక్కా ఏదో ఒక పాఠం చెబుతుంది. ప్రకృతి వారికి దేవుడు రాసిన రెండో గ్రంథం. అయితే దాన్ని వరుసల్లో నాటి, కత్తిరించి, మడులు కట్టాకే చదవడానికి వీలుగా ఉంటుందని వారి నమ్మకం.

మా వర్తకుడి పద్యంలో అన్నిటికంటే గొప్పగా వర్ణించినది లిండెన్ అనే నీడచెట్ల వీధి. ఇంటి మెట్టు నుంచి అరవై అడుగులు వేస్తే రెండు వరుసలు మొదలవుతాయి. అవి తిన్నగా ఏటి దాకా సాగుతాయి. పైన కొమ్మలు కలిసిపోయి మిట్టమధ్యాహ్నం కూడా నేలమీద ఎండ పడదు. ఈ వీధిని ఆ పద్యంలో ఉన్నట్టే తిరిగి నాటాలని ట్రస్టు నిర్ణయించింది.

ఇంటి నుంచి ఏటికి రెండు వందల పద్నాలుగు మీటర్లు. అందులో చివరి నలభై నాలుగు మీటర్లు పల్లం, వసంతంలో నీరు నిలుస్తుంది. సరిగ్గా వీధి సాగవలసిన గీత మీద, ఆ పల్లంలో ఏడు టుపెలో చెట్లున్నాయి. టుపెలో ఈ దేశపు చెట్టు. తడినేలలో పెరుగుతుంది, బెరడు మొసలి వీపులా ఉంటుంది, మిగతా అడవి ఇంకా పచ్చగా ఉండగానే ఎర్రబడుతుంది. వీధి ఏటి దాకా పోవాలంటే ఈ ఏడూ పోవాలి. అవి వర్తకుడి కాలం నాటివైతే ముట్టుకోకూడదు; పోవచ్చా లేదా అన్నది నేను చెప్పాలి.

నాలో ముందే పాతుకుపోయిన ఒక అభిప్రాయం గురించి ఇక్కడ చెప్పాలి. నేను బందరులో పెరిగాను. అక్కడ డచ్చివారిని వలందులనేవారు. వలందపాలెం ఇప్పటికీ ఉంది. వారి సమాధిరాళ్ల మీది అక్షరాలు స్కూలు రోజుల్లో చూశాను. స్కేలు పెట్టి గీసినట్టుండేవి. తర్వాత బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివేటప్పుడు, సముద్రాన్ని తోడి పొలాలు చేసుకున్నవారుగా వారి పేరు పాఠంలో వచ్చింది. అందువల్ల డచ్చివాడు అరవై అడుగులన్నాడంటే అరవయ్యేనని నా మనసు ముందే ఒప్పేసుకుంది.

నీరజ అడిగిన ప్రశ్న

పద్యాన్ని ఇంగ్లీషులోకి తెస్తున్న అమ్మాయి పేరు నీరజ. అమెరికాలోనే, షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగింది, తల్లిదండ్రులది కరీంనగర్. యూనివర్సిటీలో డచ్చి భాష, పాత సాహిత్యం చదివింది. ట్రస్టు కాగితాల గదిలో ఆమెను మొదటిసారి కలిసినప్పుడు, ఇంత డచ్చి ఎందుకు చదివావని అడిగాను. "మా అమ్మ కూడా అదే అడుగుతది ఆంటీ, ఎవ్రీ సండే," అంది.

నాకు కావలసినవి ఒక పట్టికగా రాసి ఇచ్చాను: ఎన్ని అడుగులు, ఎన్ని వరుసలు, చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం ఎక్కడైనా చెప్పాడా, దిక్కు చెప్పాడా. నీరజ పట్టిక చూసి నవ్వింది.

"ఆంటీ, మీకు పోయెమ్ కావాలా, ఓన్లీ నంబర్సా?"

"నంబర్లు చాలమ్మా. పద్యం నువ్వు చూసుకో."

"ఓకే, బట్ ఒక విషయం. ఈ టైప్ పోయెమ్స్‌లో అందరు ఇట్లనే రాస్తరు. చెట్టు చిన్న మొక్క ఉన్నప్పుడే పెద్దగ అయింది అని రాస్తరు. ఇట్స్ లైక్, వాళ్లకి అదొక అలవాటు."

"ఈయన కూడా అలాగే రాశాడనడానికి రుజువుందా?"

"ప్రూఫ్ అంటే... లేదు. బట్ అందరు అట్లనే కద."

"అందరూ అన్నది కొలత కాదు నీరజా."

"సరే ఆంటీ. యూ ఆర్ ది ఇంజినీర్." పట్టిక తీసుకుని, చివర్లో తనే ఒక గడి గీసింది. అందులో 'ఇది ఎట్లాంటి రాత?' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి నాకు చూపించింది. నేను ఆ గడిని కొట్టేశాను.

ఇప్పుడు మీరు చేరబోయే ఏ ఆఫీసులోనైనా నీరజ లాంటివారు ఒకరుంటారు. మీకు అక్కర్లేని విద్య చదివినవారుగా కనిపిస్తారు. ఒక కాగితాన్ని ఆధారంగా తీసుకునే ముందు, అది ఏ జాతి కాగితమో వారిని అడగండి. నేను అందులోని అంకెలు అడిగాను, దాని జాతి అడగలేదు.

గుంటలు, చుట్టుకొలతలు

ఇంటి మెట్టు నుంచి అరవై అడుగులు నడిచి కొలిస్తే నలభై అయిదు మీటర్లు వచ్చాయి. అక్కడ తవ్విన మొదటి గుంటలోనే నల్లమట్టి చతురస్రం కనిపించింది. పాతకాలంలో మొక్క నాటడానికి తవ్విన గుంట పూడిపోయాక మట్టిలో ఇలా ముదురు రంగులో మిగులుతుంది. ఆరుంపావు మీటర్ల దూరంలో ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. పల్లం అంచు వరకు, వరుసకు ఇరవై ఒకటి చొప్పున రెండు వరుసలు ఒక్కటి కూడా తప్పకుండా దొరికాయి. పద్యం చెప్పిన చోట చెట్ల గుంటలుండడం చూసి నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తప్పు ఆ సంతోషంలో మొదలైంది.

పల్లంలో అదే దూరాల్లో వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు తవ్వాం. పద్నాలుగింటిలోనూ బూడిదరంగు బంకమట్టి తప్ప ఏమీ లేదు. 'లేదు' అని పద్నాలుగుసార్లు రాశాను. ఆ కింద, 'వరదల వల్ల ఆనవాళ్లు చెరిగిపోయి ఉండవచ్చు' అని కూడా రాశాను. తడి బంకమట్టిలో గుంట ఆనవాలు పొడినేలలో కంటే బాగా నిలుస్తుందని నాకు తెలుసు. తెలిసీ రాశాను. నివేదిక తుది ప్రతికి వచ్చేసరికి 'ఉండవచ్చు' కూడా పోయి, 'చెరిగిపోయాయి' అయింది.

ఇక టుపెలోల వయసు. చెట్టు వయసు కచ్చితంగా తెలుసుకోవడానికి సన్నటి బోలు బరమా ఒకటుంటుంది. దాన్ని కాండంలోకి తిప్పి పెన్సిలంత కడ్డీ బయటికి లాగి వలయాలు లెక్కపెడతారు. అది నా కారు డిక్కీలోనే ఉంది. కానీ నేల బురదగా ఉంది, ఒక్కో చెట్టుకు పూట పడుతుంది, పైగా నాకు కావలసిన సమాధానం అప్పటికే సిద్ధంగా ఉంది. ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసి, సాధారణంగా తోటల్లో పెరిగే చెట్లకు వాడే వృద్ధిరేటుతో భాగించాను. అన్నిటికంటే లావైనదానికి కాండం మధ్య నుంచి బెరడుకు ఇరవై ఏడు సెంటీమీటర్లు, ఏడాదికి రెండున్నర మిల్లీమీటర్లు. నూట ఎనిమిదేళ్లు వచ్చింది. అంటే లిండెన్లు పోయాక ఎప్పుడో వాటంతటవే మొలిచిన చెట్లన్నమాట. తీసేయవచ్చని రాశాను.

వాల్టర్ చేతులు

ఆ తోటకు పెద్ద తోటమాలి వాల్టర్. అక్కడ ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. చెట్టు కొడుతున్నారంటే కంటతడి పెట్టే రకం కాదు. తన చేత్తో కొట్టినవే వందకు పైన ఉంటాయి. నివేదిక చదివి నన్ను పల్లంలోకి రమ్మన్నాడు.

"నూట ఎనిమిదా?" అన్నాడు.

"అయిదేళ్లు అటూ ఇటూ."

"ఇవి అంత లేతవి కావు."

"మీకెలా తెలుసు?"

అతను అందులో లావైన చెట్టును రెండు చేతులతో చుట్టుకున్నాడు. అవతల వైపు వేళ్ల మధ్య కాస్త సందు మిగిలింది. "నేను చేరిన కొత్తలో ఈ వేళ్లు కలుసుకునేవి. ఇప్పుడు రెండు అంగుళాలు తక్కువయ్యాయి. ఇరవై ఆరేళ్లకు రెండంటే రెండు అంగుళాలు."

"మీ చేతులు సాక్ష్యం కావు వాల్టర్."

"మీ టేపు ఒక్కరోజు వచ్చింది. ఇవి రోజూ ఇక్కడే ఉన్నాయి," అన్నాడు చేతులు దులుపుకుంటూ. తర్వాత గొంతు తగ్గించి, "వీధిని పల్లం దాకా వేసుకోండి. ఈ ఏడింటినీ నాకు వదిలేయండి. ఈ తోటలో ఇంతవరకు నేను అడిగింది ఏమీ లేదు," అన్నాడు.

నేను నివేదిక మార్చలేదు. నన్ను ఇప్పటికీ బాధించేది ఒక లెక్క. నా వృద్ధిరేటు నిజమే అయితే, ఇరవై ఆరేళ్లలో ఆ చుట్టుకొలత నలభై సెంటీమీటర్లు పెరగాలి. వాల్టర్ వేళ్ల మధ్య సందు పదహారు అంగుళాలుండాలి. అతను రెండన్నాడు. అది ఒక నిమిషం లెక్క, ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు. అతను చెప్పినది మాటల్లో ఉన్నందువల్ల నేను దాన్ని కొలతగా గుర్తించలేదు. పద్యంలో ఉన్నది అంకె కావడం వల్ల దాన్ని కొలతగా గుర్తించాను.

మూడు

జనవరిలో, యంత్రాలు దిగబడకుండా నేల గడ్డకట్టాక, ఒక గురువారం మూడు చెట్లు కొట్టారు. శుక్రవారం ఆ కొట్టే బృందానికి వేరేచోట పని. మిగతా నాలుగూ సోమవారం ఉదయం.

శనివారం పొద్దున నేను మా ఇంటికి దగ్గర్లోని షాంటిలీలో కూరగాయలు కొంటుండగా వాల్టర్ ఫోన్ చేశాడు.

"మొదటి రెండూ లోపల డొల్ల. మూడోది గట్టిగా ఉంది. మొద్దును గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. మూడు వందల ముప్పై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. నడిమికి ఇంకా కాస్త ఉంది, ఇక నా కళ్లు అలిసిపోయాయి. మిగతాది మీరొచ్చి లెక్కపెట్టండి."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అనిపించింది.

ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరి, అయిదు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. భూతద్దం, గుండుసూదులు తీసుకెళ్లాను. నీరజ అప్పటికే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని మొద్దు పక్కన నిలబడి ఉంది, వాల్టరే పిలిచాడట. పది వలయాలకొక సూది చొప్పున గుచ్చుకుంటూ వచ్చాను. నేను అంకె చెబితే నీరజ కాగితం మీద గీత పెట్టింది. బెరడు వైపు వలయాలు ఎంత సన్నమంటే రెండింటి మధ్య సూదిమొన దిగలేదు. మూడు వందల యాభై ఒకటి దగ్గర నడిమి వచ్చింది. అది మొద్దు ఎత్తులో లెక్క. మొక్క ఆ ఎత్తు పెరగడానికి పట్టిన ఏళ్లు అదనం.

"సో," అంది నీరజ కాగితం చూస్తూ, "ఆయన ఇల్లు కట్టేటప్పటికే ఇవి ఉన్నయి."

"యాభై ఏళ్ల పైబడిన చెట్లు."

"వీటిని ఆయన కట్ చెయ్యలేదు."

"చెయ్యలేదు."

"అంటే లిండెన్స్ ఏటి వరకు పోనే లేదు. ఆంటీ, నేను చెప్పిన కద..." అని ఆగిపోయింది.

"చెప్పావు. నేను వినలేదు. పూర్తిగా చెప్పు, ఈసారి రాసుకుంటాను."

"ఆయన పోయెమ్ రాసినప్పుడు అవన్ని పిల్లమొక్కలే అయ్యుంటయి. షేడ్ ఏం లేదు. మనవలు నడుస్తరు కద, వాళ్ల కోసం రాసిండు. పైన బ్రాంచెస్ కలిసినయి అనేది ఆయన చూసింది కాదు, ఆయనకి కావాల్సింది."

వాల్టర్ మిగిలిన నాలుగు చెట్ల వైపు చూసి, "సోమవారం ఏడున్నరకు వస్తారు," అన్నాడు.

సోమవారం ఏడున్నర

అక్కణ్నుంచే డగ్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "రేపు ట్రస్టువాళ్లతో మీటింగ్ పెట్టి మాట్లాడదాం," అన్నాడు.

"మీటింగ్ ఎన్నింటికి?"

"పదింటికేమో."

"రంపం ఏడున్నరకు వస్తుంది డగ్. చెట్లు తీసేయవచ్చన్న నా సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నాను. పది నిమిషాల్లో మీకు, వాళ్లకు, కాంట్రాక్టరుకు మెయిల్ వస్తుంది."

"సరే," అన్నాడు చివరికి. "కొత్త ఆధారాలు లభించినందున అని రాయి. మర్యాదగా ఉంటుంది."

"కొత్తవి కావు కదా. మూడున్నర శతాబ్దాలుగా అక్కడే ఉన్నాయి. పద్నాలుగు గుంటలు లేదన్నాయి, వాల్టర్ కాదన్నాడు, నీరజ కాదంది."

"నిన్ను నువ్వు ఇరికించుకుంటున్నావు సత్యా."

"నా అంచనా తప్పు అని రాస్తున్నాను. సంస్థది అని రాయడం లేదు."

సోమవారం ఏడుంపావుకు పల్లం అంచున నిలబడ్డాను. కాంట్రాక్టరు బృందానికి పెద్ద, గడ్డం నెరిసిన మనిషి, నా ఫోన్‌లో మెయిల్ రెండుసార్లు చదివాడు.

"మేడమ్, కొట్టమంటే కొడతాను, ఆపమంటే ఆపుతాను. గురువారం కొట్టమన్న కాగితం మీద పేరు మీదే."

"నాదే."

"ఇవాళ వద్దంటున్న పేరు కూడా మీదే."

"అవును."

"వచ్చే గురువారం ఏమంటారు?"

"ఇదే అంటాను."

అతను వెనక్కి తిరిగి, మెషిన్ ఆపమని చేత్తో సైగ చేశాడు.

ఎందుకు పొరబడ్డాను

తర్వాత ఏడాది పాటు నా నివేదికల మీద మరొకరి సంతకం కూడా ఉండేది. అది న్యాయమే. ఆ ఏడాది నేను ఎక్కువగా ఆలోచించినది వృద్ధిరేటు గురించి కాదు. నీరు నిలిచే పల్లంలో చెట్టు చాలా మెల్లగా పెరుగుతుందని మరవడం సరిదిద్దుకోదగిన తప్పు; ఆ తర్వాత బరమా దించకుండా ఏ చెట్టుకూ వయసు రాయలేదు. పద్యం దగ్గర ఎందుకు పొరబడ్డానన్నదే తెలియలేదు.

హైస్కూల్లో మా తెలుగు మాస్టారు ప్రబంధాల్లోని పురవర్ణనలు చెప్పేవారు. ప్రతి నగరంలోనూ మేడలు చంద్రుణ్ని తాకుతాయి, అగడ్తలు పాతాళం దాకా దిగుతాయి, తోటల్లో ఆరు ఋతువుల పూలూ ఒకేసారి పూస్తాయి. అది చదివి ఏ తాపీమేస్త్రీ కూడా గోడ ఎత్తు లెక్కకట్టడు. అది కవి ఆ ఊరికి ఇచ్చే ఆశీర్వచనమని పదమూడేళ్ల పిల్లలమైన మాకు కూడా తెలుసు. అదే పని ఒక డచ్చి వర్తకుడు చేస్తే గుర్తుపట్టలేకపోయాను. మనవాళ్లు కల్పన చేస్తారు, వాళ్లు కొలతలు చెబుతారు అనుకున్నాను. ఈ పొరపాటు నా సహోద్యోగుల్లో మరెవరూ చేసి ఉండేవారు కారు. అమెరికాలో పనిచేయబోయే మన పిల్లలు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. పరాయి కాగితం ముందు కూర్చున్నప్పుడు మీ చిన్నప్పటి చదువును బయట వదిలి రాకండి. అది కూడా పనిముట్టే.

ఇంకొక సంగతి. ఆ నాలుగు వందల పంక్తుల్లో టుపెలోల ప్రస్తావన ఒక్కటి కూడా లేదు. నీరజ మళ్లీ మొదటి నుంచీ చూసి నిర్ధారించింది. తాను నాటిన వాటి గురించే ఆ మనిషి రాసుకున్నాడు. తానే గీసుకున్న గీతకు అడ్డంగా నిలబడ్డ వాటిని గురించి రాయలేదు, వాటిని కొట్టనూ లేదు. వీధిని వాటి దగ్గర ఆపేశాడు. పద్యంలో చోటివ్వని చెట్లకు నేలమీద చోటిచ్చాడు. పద్యాన్ని నమ్మి నేను మూడింటిని తీయించాను. తోటకావ్యాల్లో ప్రకృతి అంటే యజమాని కత్తిరించి పెట్టుకున్నదేనని తేలిగ్గా తీసిపారేసేవారున్నారు. నేనూ కొంతకాలం అలాగే అన్నాను. ఇప్పుడు అనను. ఆయన రాసినది మాత్రమే చదివితే ఆయన సగమే తెలుస్తాడు.

ట్రస్టు వీధిని పల్లం అంచున ఆపడానికి ఒప్పుకుంది. నలభై రెండు లిండెన్ మొక్కలు పాత గుంటల్లోనే నాటారు. భుజం ఎత్తు కూడా లేవు. నీడ ఎక్కడని చూడవచ్చినవారు అడుగుతుంటారట. కొన్నేళ్లు అడుగుతారు.

చివరి ప్లాను

పని ముగిశాక సవరించిన సర్వే ప్లాను గీసి ఇవ్వడం ఆనవాయితీ. మా పద్ధతిలో ఉన్న చెట్టుకు నిండు వలయం, తీసేయవలసిన చెట్టుకు చుక్కల వలయం. పాత ప్లానులో ఏడు చుక్కల వలయాలుండేవి. కొత్తదానిలో నాలుగు నిండు వలయాలు గీసి, వాల్టర్‌కు చూపించడానికి అతని పనిముట్ల గదికి తీసుకెళ్లాను. అప్పటికి మా మధ్య పొడిమాటలు తప్ప ఏమీ లేవు.

అతను కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాలుగే ఉన్నాయి," అన్నాడు.

"నాలుగే కదా ఉన్నవి."

"ఏడు గీయండి."

"లేని చెట్టును ప్లాను మీద చూపకూడదు వాల్టర్. అది నియమం."

"మొద్దులున్నాయి కదా. అవి లేనివి కావు. రేపు నేనుండను, మీరుండరు. ఇంకొక ఇంజినీరు ఇంకొక పద్యం పట్టుకుని వస్తాడు. ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకుందని అడిగితే, ఈ కాగితం తప్ప జవాబు చెప్పేవారెవరుంటారు?"

మొద్దుకు మా గుర్తుల పట్టికలో చిహ్నం లేదు. వలయంలో ఒక అడ్డగీత పెట్టి, పట్టికలో కొత్త వరుసగా చేర్చాను. పల్లంలో ఆ మూడు చోట్లా గీశాను. ఒక్కోదాని పక్కన చుట్టుకొలత, కొట్టిన తేదీ రాశాను. మూడోదాని పక్కన వలయాల సంఖ్య కూడా రాశాను. కొట్టడానికి కారణం రాసే గడిలో, 'వయసు అంచనాలో దోషం. అంచనా వేసినవారు' అని రాసి నా పూర్తి పేరు పెట్టాను.

వాల్టర్ దాన్ని చదివి, కాగితాన్ని మడత పడకుండా గొట్టంలా చుట్టి, అరలో తన కత్తెరల పక్కన నిలబెట్టాడు. తర్వాత నాకొక కుర్చీ లాగాడు.